వంత కూడా తానే పాడితే

కడప జిల్లా పల్లెల్లో శ్రీరామనవమికో, ముక్కోటి ఏకాదశికో గుడి ముందు జరిగే భజనను కాసేపు నిలబడి విన్నవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ముందుపాట అందుకునే మనిషి ఒకరు, వంత పాడేవారు పది మంది. ఆయన పాడిన చరణాన్నే వారు తిరిగి పాడతారు గానీ అది ఆయన పాడినట్లే తిరిగి రాదు. ఆవేశంలో ఆయన చరణాన్ని సాగదీసి ఉంటే వారు దాన్ని తాళంలోకి తెచ్చి నిలబెడతారు. ఆయన శ్రుతి కాస్త పైకి పోయి ఉంటే పది గొంతులు కలిసి కిందికి దించుతాయి. చెక్కభజనలో గొంతుతో పాటు అడుగు కూడా కలవాలి కాబట్టి అక్కడ ఈ సవరణ ఇంకా కచ్చితంగా జరుగుతుంది. ఒక్కరు తొందరపడితే మిగతా చెక్కల చప్పుడే ఆ తొందరను బయటపెడుతుంది.

ఆ పది మంది లేకుండా ముందుపాట మనిషి ఒక్కడే పాడితే మనకు వినిపించేది ఏమిటి? ఆయన అసలు గొంతా, లేక సగం పాటా? రాక్ బృందాల చరిత్రలో ఒక సభ్యుడు తన సొంత పేరుతో తొలి ఆల్బమ్ విడుదల చేసిన ప్రతిసారీ ఈ ప్రశ్నే ఎదురవుతుంది.

మన దగ్గర సినిమాలో లేని పాట ఏదైనా ‘ప్రైవేటు పాట’. భక్తి క్యాసెట్టు, జానపదం, యూట్యూబు కోసం చేసిన ప్రేమగీతం అన్నీ ఆ ఒక్క మాట కిందికే వస్తాయి. సంగీతానికి సినిమాయే కేంద్రమైనప్పుడు మిగిలినదంతా ప్రైవేటు కావడం సహజమే. కానీ ఆ అలవాటు వల్ల సోలో ఆల్బమ్ అంటే ఏమిటో మనకు సరిగా పట్టుబడదు. దానికి ఎదురుగా ఉన్నది సినిమా కాదు, బృందం. కొత్త గాయని ఒకరు పాటలు చేసి విడుదల చేస్తే అది ఆమె తొలి ఆల్బమ్, అంతే. అప్పటికే ముగ్గురు నలుగురితో కలిసి పేరు తెచ్చుకున్న మనిషి, ఆ ముగ్గురు నలుగురిని పక్కన పెట్టి చేసినదాన్నే సోలో అంటాం. అందులో ముందే ఒక తీసివేత జరిగి ఉంటుంది. వినేవారు ఆ తీసివేతను కూడా వినాలి.

బృందం చీలడం కడప జిల్లాకు తెలియని సంగతి కాదు. తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాలవారు 1885లో సురభి గ్రామంలో బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. అక్కడ పుట్టిన సురభి నాటక సమాజం తరువాతి తరాల్లో కుటుంబాలు పెరిగినకొద్దీ అనేక సమాజాలైంది. అయితే అక్కడ బయటికి వెళ్లినవారు మళ్లీ ఒక సమాజమే కట్టారు, తెరలతో, హార్మోనియంతో, వేషధారులతో సహా. ఉమ్మడి కుటుంబం చీలితే ఇంకో కుటుంబం ఏర్పడింది తప్ప ఒంటరి మనిషి మిగల్లేదు. రాక్ సంగీతంలో జరిగేది వేరు. అక్కడ అట్ట మీద ఒక్కరి పేరే ఉంటుంది, ఒక్కరి బొమ్మే ఉంటుంది. మన కళల్లో దానికి దగ్గరగా వచ్చేది హరికథ. కానీ హరిదాసు మొదటినుంచీ ఒక్కడే నిలబడడం నేర్చుకున్నవాడు. బృందంలో పెరిగి ఆ తరువాత ఒంటరిగా నిలబడినవారి కష్టం ఆయనది కాదు.

ఇలాంటి ఆల్బమ్ వచ్చినప్పుడు పత్రికలు ముందుగా అడిగేది ‘విడిపోయారా’ అని. ఆ తరువాత ‘ఎవరికి ఎక్కువ అమ్ముడుపోయింది’ అని. రెండూ సంగీతానికి సంబంధించిన ప్రశ్నలు కావు. సంగీతానికి సంబంధించిన ప్రశ్న తెలుగు నుడికారంలోనే దాగి ఉంది. ‘వంత పాడడం’ అనే మాటకు మనకు రెండు అర్థాలు. ఒకటి పాటలో తోడు రావడం, రెండోది చెప్పినదానికల్లా తల ఊపడం. మంచి బృందంలో మొదటి అర్థమే నడుస్తుంది. అక్కడ తోడు వచ్చేవారే ‘ఇది బాగాలేదు, మార్చు’ అని కూడా అంటారు, ఎందుకంటే పాట వారిది కూడా. సోలో ఆల్బమ్‌కు పిలిపించుకున్న వాద్యకారులు ఎంత గొప్పవారైనా పాట వారిది కాదు. అందువల్ల మొదటి అర్థం చాలా సులువుగా రెండో అర్థంలోకి జారిపోతుంది. తొలి సోలో ఆల్బమ్ నిలబడడమో, తూలడమో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది: అడ్డు చెప్పే మనిషి పోయిన చోట ఏం వచ్చి చేరింది?

ఇది ఊహ కాదని చూపించడానికి 1970 అనే ఒక్క ఏడాది చాలు. బ్రిటన్‌కు చెందిన నలుగురు సభ్యుల రాక్ బృందం బీటిల్స్ నుంచి పాల్ మెకార్ట్నీ తప్పుకున్నారన్న వార్త ఆ ఏప్రిల్ 10న అక్కడి పత్రికలకెక్కింది. అదే ఏడాది నలుగురి పేర్ల మీదా విడివిడిగా ఆల్బమ్‌లు వచ్చాయి: రింగో స్టార్‌ది మార్చిలో, మెకార్ట్నీది ఏప్రిల్‌లో, జార్జ్ హారిసన్‌ది నవంబరులో, జాన్ లెనన్‌ది డిసెంబరులో. ఒకే బృందం, ఒకే కాలం, నాలుగు తీసివేతలు. కావాలని పరీక్ష పెట్టినా ఇంత చక్కగా కుదరదు.

రింగో స్టార్ ఆల్బమ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్లు పాడుకునే పాత పాటలను ఏరి, ఒక్కో పాటకు ఒక్కో సంగీతకారుడి చేత వాద్యాలు కూర్పించి పాడారు. తనది పాటలు కట్టే చెయ్యి కాదని ఆయనకు తెలుసు, దాచలేదు కూడా. కానీ ఆ ఏడాది చివర వచ్చిన లెనన్ ఆల్బమ్‌లో డ్రమ్స్ రింగోవే, హారిసన్ ఆల్బమ్‌లోనూ ఆయన వాయించారు. విడిపోయినవారు కూడా వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆయన. ఆ గుర్తింపు ఆయనకు తన సొంత ఆల్బమ్ కంటే మిగతావారి ఆల్బమ్‌లలోనే దొరికింది.

మెకార్ట్నీ దానికి పూర్తి వ్యతిరేక దిశలో వెళ్లారు. లండన్‌లోని ఇంటికి నాలుగు ట్రాకుల టేపు యంత్రాన్ని, అంటే నాలుగు ధ్వనులను విడివిడిగా రికార్డు చేసి కలపగలిగేదాన్ని, తెప్పించుకుని గిటారు, బేస్, పియానో, డ్రమ్స్ అన్నీ తానే వాయించారు. భార్య లిండా గొంతు కలపడం తప్ప వేరే మనిషి లేడు. బాణీలు కట్టడంలో ఆయనకు ఉన్న సహజమైన సులువు ఆ ఆల్బమ్‌లో ప్రతి నిమిషం కనిపిస్తుంది. ఆ సులువే దాని లోపం కూడా. పాట మొదలై, ఒక అందమైన మలుపు తిరిగి, పూర్తి కాకముందే ఆగిపోతుంది. ‘దీనికి రెండో చరణం ఏది’ అని అడిగేవాడు పక్కన లేడు. ఇన్నేళ్లుగా ఆ పని చేసినవాడు లెనన్. మొత్తం ఆల్బమ్‌లో పూర్తిగా చెక్కినట్లుండే పాట ‘మేబీ అయామ్ అమేజ్డ్’. దాన్ని ఆయన ఇంట్లో కాక స్టూడియోకు వెళ్లి రికార్డు చేశారు. అక్కడ కూడా వాద్యాలు ఆయనవే. కానీ స్టూడియోకు వెళ్లాలంటే ముందుగా పాట పూర్తయి ఉండాలి కదా.

లెనన్ ఆల్బమ్‌లో తీసివేసింది తీపిని. ఎక్కువ పాటల్లో వినిపించేది ఒక గిటారు లేదా పియానో, బేస్, డ్రమ్స్, అంతే. గంట మోగుతూ మొదలయ్యే మొదటి పాట తల్లి గురించి. 1958లో, ఆయనకు పదిహేడేళ్లప్పుడు, ఆమె రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. ఆ పాట చివర ఆయన పాడడం మానేసి అరుస్తారు. మెకార్ట్నీ ఉండి ఉంటే ఆ అరుపు కింద ఒక స్వరసమ్మేళనం పరిచి ఉండేవారేమో అనిపిస్తుంది. అది లేకపోవడం వల్లే ఆ ఆల్బమ్ వినడం కష్టం, వినకుండా ఉండడం కూడా కష్టం. అడ్డు చెప్పేవాడు పోవడం వల్ల మేలు జరిగిన అరుదైన సందర్భం ఇది. ఎందుకంటే లెనన్ ఆ ఖాళీని దేనితోనూ నింపలేదు, ఖాళీగానే వినిపించారు.

ఇక హారిసన్. ఈ నలుగురిలో అతి పెద్ద నిల్వతో బయటికి వచ్చినవాడు ఆయన. నిజానికి ఆయన పేరు మీద మొదట వచ్చిన ఆల్బమ్ 1968 నవంబరు నాటిది. ‘వండర్‌వాల్’ అనే సినిమాకు ఆయన కూర్చిన సంగీతం అది. దానిలో కొంత భాగం కోసం ఆ ఏడాది జనవరిలో బొంబాయి వచ్చి హెచ్ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులతో రికార్డు చేశారు. శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, ఆశిష్ ఖాన్ సరోద్ దానిలో ఉన్నాయి. మన లెక్కలో చూస్తే అది ప్రైవేటు ఆల్బమ్ కూడా కాదు, సినిమా సంగీతమే! అంతకంటే ముఖ్యంగా, అందులో ఆయన పాట పాడలేదు. బృందం నీడలోంచి బయటికి వచ్చిన మొదటిసారి ఆయన ఎంచుకున్నది ఇతరుల చేతుల్లో తన సంగీతాన్ని వినడం. గొంతు విప్పి తన మాటలతో చేసిన తొలి సోలో ఆల్బమ్ మాత్రం 1970 నవంబరులో వచ్చిన ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’.

అది మూడు రికార్డుల సంపుటి. అంత సరుకు ఎక్కడిది అన్నదానికి సమాధానం బృందం లోపలి ఏర్పాటులో ఉంది. బీటిల్స్ పాటల్లో అత్యధికం లెనన్, మెకార్ట్నీలవి. ఒక్కో ఆల్బమ్‌లో హారిసన్‌కు దక్కింది సాధారణంగా ఒకటి రెండు పాటల చోటు. 1966లోనే రాసుకున్న ‘ఇజంట్ ఇట్ ఎ పిటీ’ అలా నాలుగేళ్లు ఎదురుచూసింది. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను 1969 జనవరిలో బృందం ముందు పెట్టారు, సాధన కూడా జరిగింది, కానీ తుది రూపానికి చేరలేదు. ఆ సాధనల మధ్యలోనే, జనవరి 10న, ఆయన లేచి వెళ్లిపోయి కొన్ని రోజుల తరువాత తిరిగి వచ్చారు. ఉమ్మడి కుటుంబంలో చిన్నవాడి మాట ఎవరూ పట్టించుకోకపోతే అతని కోరికలు ఎలా పేరుకుంటాయో తెలుగువారికి వివరించనక్కరలేదు.

ఇద్దరు అడ్డుగా నిలిచినచోట పేరుకున్న నీరు అడ్డు తొలగగానే ఎలా వస్తుందో ఈ ఆల్బమ్ అలా వచ్చింది. ఎరిక్ క్లాప్టన్, బిల్లీ ప్రెస్టన్, క్లాస్ ఫూర్‌మన్, గ్యారీ రైట్ వంటి వాద్యకారులు స్టూడియో నిండా ఉన్నారు. సహనిర్మాతగా ఫిల్ స్పెక్టర్ ఉన్నారు. ఒకే వాద్యాన్ని పలువురి చేత ఒకేసారి వాయింపజేసి, పైన ప్రతిధ్వని దట్టించి గోడ కట్టినట్లు ధ్వనిని నిలబెట్టడం ఆయన పద్ధతి. అందులోని ఉత్తమమైన పాటల ముందు 1970 నాటి మిగతా మూడు ఆల్బమ్‌లూ చిన్నబోతాయి. అది ఈ వ్యాసం స్పష్టంగా తీసుకుంటున్న పక్షం. అయినా అడ్డు చెప్పేవారు లేని లోటు అక్కడా వినిపిస్తుంది. ‘ఇజంట్ ఇట్ ఎ పిటీ’ ఆ ఆల్బమ్‌లో రెండుసార్లు ఉంది, రెండు రూపాల్లో. రెంటిలో ఏది మేలో తేల్చి ఒకదాన్ని తీసేయమని చెప్పగలవారు ఆ గదిలో లేరు. మూడో రికార్డు నిండా దాదాపుగా అప్పటికప్పుడు సరదాగా వాయించుకున్న వాద్యసంగీతమే. బీటిల్స్ గదిలో అది గడప దాటేది కాదు. ప్రతిధ్వని విషయమైతే 2001లో ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు, అప్పట్లో సరిపోయినట్లు అనిపించిన ఆ ప్రతిధ్వని ఇప్పుడు అతిగా తోస్తోందని హారిసన్ స్వయంగా ఒప్పుకున్నారు. అదే ఏడాది నవంబరు 29న ఆయన మరణించారు. 2021లో కుమారుడు ధని పర్యవేక్షణలో వచ్చిన కొత్త మిక్సింగ్ ఆ గోడను కొంత పలుచన చేసింది. ఆ కుమారుడి పేరు కూడా మన సప్తస్వరాల్లోని ధ, ని అనే రెండు స్వరాలే.

ఆ ఆల్బమ్‌లో ప్రపంచమంతా తెలిసిన పాట ‘మై స్వీట్ లార్డ్’. దాన్ని కడప జిల్లా భజన బృందం దేనికైనా వినిపిస్తే దాని నిర్మాణాన్ని ఒక్క నిమిషంలో పోల్చుకుంటుంది. ముందుపాట ఒక పంక్తి, వెనక వంత ఒక మాట. ఆ వంత మొదట ‘హల్లెలూయా’తో సాగి, తరువాత ‘హరే కృష్ణ’కు మారి, చివరికి ‘గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః’ దాకా వస్తుంది. మన బడుల్లో పిల్లలు ప్రార్థనలో చెప్పే శ్లోకం అది. ఒక రాక్ గిటారిస్టు సొంత పేరు మీద చేసిన ఆల్బమ్‌లో అన్నిటికంటే పెద్ద పాట, పుట్టుకతోనే పది మంది పాడవలసిన పాట!

మరి ఆ పది మంది ఎవరు? ఆల్బమ్ మీద ‘జార్జ్ ఓహారా-స్మిత్ సింగర్స్’ అని రాసి ఉంటుంది. అలాంటి బృందమేదీ లేదు. ఆ గొంతులన్నీ హారిసన్‌వే. టేపు మీద టేపు కలుపుతూ తన గొంతునే పదేపదే పాడి వంత తయారుచేశారు. ముందుపాట తానే, వంత తానే. బృందం పోయినా బృందగానం మీద ప్రేమ పోలేదు, దాన్ని ఒక్కడే కూర్చుకోవలసి వచ్చింది. తొలి సోలో ఆల్బమ్ అనే ప్రక్రియ మొత్తానికి ఇంతకంటే నిజమైన చిత్రం మరొకటి లేదు. ఆ వంత చాలా అందంగా ఉంటుంది. శ్రుతి తప్పదు, తాళం తప్పదు. ముందుపాటను సవరించదు కూడా. ఆ బాణీ 1963లో షిఫాన్స్ బృందం పాడిన ‘హీజ్ సో ఫైన్’కు దగ్గరగా ఉందని కేసు పడింది. 1976లో అమెరికా న్యాయస్థానం, తెలియకుండానే అయినా ఆ బాణీని వాడుకున్నట్లేనని తీర్పు చెప్పింది. పాత బృందంలో ఉండి ఉంటే ‘ఇది ఎక్కడో విన్నట్లుందే’ అని ఒకరైనా అని ఉండేవారా? కచ్చితంగా చెప్పలేం. కానీ తాను పాడినదానికి తానే వంత పాడుకున్నప్పుడు ఆ మాట వచ్చే దారి మూసుకుపోతుంది.

డ్రమ్స్ వాయించేవారి సోలో ఆల్బమ్‌లు వేరే కథ. వెనక కూర్చునే మనిషి దగ్గర పాటలు ఉంటాయని శ్రోతలు అనుకోరు కాబట్టి అక్కడ ఆశ్చర్యం ఎక్కువ. జెనెసిస్ బృందానికి చెందిన ఫిల్ కాలిన్స్ 1981లో తెచ్చిన తొలి ఆల్బమ్ మొదటి పాటలో అసలైన డ్రమ్స్ మూడున్నర నిమిషాలు దాటాక గానీ రావు. తన వాద్యాన్నే అంతసేపు ఆపి ఉంచిన ఆ నిగ్రహం చూస్తే, ఆయన బృందంలో కూర్చుని ఎంత శ్రద్ధగా ఇతరులను విన్నాడో అర్థమవుతుంది. నిర్వాణ బృందంలోని డేవ్ గ్రోల్ కథ ఇంకా చిత్రమైనది. 1994 ఏప్రిల్‌లో ఆ బృందం గాయకుడు కర్ట్ కొబెయిన్ చనిపోయిన తరువాత, ఆ అక్టోబరులో ఒక వారం స్టూడియో తీసుకుని దాదాపు అన్ని వాద్యాలూ ఒక్కడే వాయించి పాడాడు. దానికి తన పేరు పెట్టలేదు, ‘ఫూ ఫైటర్స్’ అని బృందం పేరు పెట్టాడు. ఒంటరిగా చేసి, ఒంటరిగా కనిపించడానికి ఇష్టపడలేదు. ఆ పేరుకు తగిన బృందాన్ని తరువాత కూర్చుకున్నాడు.

ఒకే పాటను సోలోగానూ, బృందంతోనూ పక్కపక్కన పెట్టి వినే అవకాశం అరుదు. ఫ్రెడ్డీ మెర్క్యురీ విషయంలో అది దొరుకుతుంది. జాంజిబార్‌లో పుట్టిన ఈ పార్శీ పిల్లవాడు మహారాష్ట్రలోని పంచగని బడిలో చదువుకుంటూ తోటి విద్యార్థుల బృందంలో పియానో వాయించేవాడు. క్వీన్ బృందంతో ప్రపంచ ప్రఖ్యాతుడయ్యాక 1985 ఏప్రిల్‌లో తొలి సోలో ఆల్బమ్ ‘మిస్టర్ బ్యాడ్ గై’ తెచ్చాడు. మ్యూనిక్‌లో రికార్డు చేసిన ఆ ఆల్బమ్ నిండా సింథసైజర్లు, నాట్యశాలల్లో మోగే లయ. 1991 నవంబరు 24న ఆయన మరణించాక, మిగిలిన ముగ్గురూ ఆ ఆల్బమ్‌లోని రెండు పాటల గొంతును మాత్రం తీసుకుని, చుట్టూ తమ గిటారు, బేస్, డ్రమ్స్ పేర్చి 1995 నాటి ‘మేడ్ ఇన్ హెవెన్’లో చేర్చారు. గొంతు అదే, బాణీ అదే. ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యు’ మొదటి రూపంలో మెర్క్యురీ గొంతు నున్నటి నేల మీద జారుతూ పోతుంది. రెండో రూపంలో బ్రయాన్ మే గిటారు ఆ గొంతుకు ఎదురు నిలబడి మాట్లాడుతుంది, రోజర్ టేలర్ డ్రమ్స్ దాన్ని తరుముతాయి. రెండోదే బలమైనదని చాలామంది అంటారు, నిజమే. కానీ ఆయన బతికి ఉండగా కోరుకున్నది మొదటిది. తన చుట్టూ రాతిగోడ లేని ఆట స్థలం ఎలా ఉంటుందో చూడాలనుకున్నాడు, చూశాడు. ఆ ఆల్బమ్ వచ్చిన పదకొండు వారాలకే, 1985 జూలై 13న, లండన్ వెంబ్లీ మైదానంలో అదే బృందంతో నిలబడి ఇరవై నిమిషాల్లో రాక్ చరిత్రలో మరచిపోలేని ప్రదర్శన ఇచ్చాడు. సోలో ఆల్బమ్ అంటే తెగతెంపులు కావనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

తోడు తెచ్చుకునే తెలివి అందరికీ ఒకేలా ఉండదు. రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్ 2006లో తొలి సోలో ఆల్బమ్ చేసినప్పుడు బృందాన్ని వదిలాడు గానీ, బృందం ఆల్బమ్‌లను తీర్చిదిద్దే నిర్మాత నైజెల్ గాడ్రిచ్‌ను వదల్లేదు. అడ్డు చెప్పే హక్కు ఉన్న మనిషిని వెంటబెట్టుకునే బయటికి వచ్చాడు.

ఇదంతా లండన్, అమెరికా ముచ్చట, దీనికీ కడపకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. కడప అమీన్‌పీర్ దర్గాకు తరచుగా వచ్చే ప్రసిద్ధులలో ఎ.ఆర్. రెహమాన్ ఒకరు. ఆయన కూడా యవ్వనంలో చెన్నైలో ‘నెమిసిస్ అవెన్యూ’ అనే రాక్ బృందాన్ని నడిపినవాడే. బ్రిటన్‌లో అయితే ఆ దారి సోలో ఆల్బమ్‌కు తీసేది. ఇక్కడ అది సినిమాకు తీసింది. దక్షిణాదిలో ప్రతిభ ఉన్న వాద్యకారుడు బృందం నుంచి బయటికి వస్తే దొరికే పని సినిమాదే, డబ్బు కూడా అక్కడిదే. అందుకే తెలుగులో సోలో ఆల్బమ్ అనే ప్రక్రియ వేళ్లూనుకోలేదు. శ్రోతలకు ఇష్టం లేక కాదు. బృందానికీ సినిమాకూ మధ్య నిలబడడానికి చాలినంత చోటు లేక. అదే దర్గాలో ఉరుసు రోజుల్లో జరిగే ఖవ్వాలీని గమనిస్తే మాత్రం రాక్ బృందం లక్షణాలన్నీ కనిపిస్తాయి: ముందు పాడే గొంతు, దాన్ని అందుకుని ఎత్తే రెండో గొంతు, హార్మోనియం, తబలా, చప్పట్ల వరుస. ఆ రెండో గొంతు మనిషి రేపు తన పేరుతో ఒక పాట చేస్తే, అతను మొదట కోల్పోయేది తాను అందుకోవడానికి ముందు నిలబడిన గొంతునే.

కడప, ప్రొద్దుటూరు వంటి ఊళ్లలో ఇప్పుడు అలాంటి ప్రయత్నాలకు సాంకేతిక అడ్డంకి దాదాపు లేదు. వినాయక చవితి పందిళ్లలో, పెళ్లిళ్లలో, కాలేజీ వార్షికోత్సవాల్లో వాయించే కుర్రవాళ్ల బృందానికి ఒక కీబోర్డు, ఒక గిటారు, ప్యాడ్స్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్స్, ఇద్దరు గాయకులు ఉంటారు. వారిలో ఒకరికి సొంత బాణీలు ఉంటాయి. ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, ఒక సౌండ్ కార్డు ఉంటే చాలు. పడకగది గోడలకు బొంతలు కట్టి, మే నెల ఎండలో ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ పాడితే పాట తయారవుతుంది. ఈ కష్టం గౌరవించదగినది. 1970లో మెకార్ట్నీ ఇంట్లో ఉన్న నాలుగు ట్రాకులకు బదులు ఇక్కడ లెక్కలేనన్ని ట్రాకులు ఉంటాయి. అయితే ఒక తేడా ఉంది. లెనన్ లేని చోటికి హారిసన్ క్లాప్టన్‌ను పిలిచాడు. ఈ పడకగదిలో ప్యాడ్స్ వాయించే స్నేహితుడి స్థానంలో వచ్చేది మరో మనిషి కాదు, సాఫ్ట్‌వేర్‌లోని తయారు లయ. అది ఎన్ని గంటలైనా తాళం తప్పదు. ‘ఈ పాటకు ఇంత వేగం వద్దురా’ అని ఎన్నటికీ అనదు. పది రకాల లయలు వరుసగా వినిపించి ఎంచుకోమంటుంది, ఎంచుకున్నది ఏదైనా సరేనంటుంది. హారిసన్‌కు వంత తన గొంతే అయింది. ఇక్కడ వంత ఒక యంత్రం అవుతోంది. మిక్సింగ్‌కు ముందు ఆ పాటను పాత బృందంలోని ఒక్కరికి వినిపించినా చాలు, చాలా చరణాలు పొట్టివవుతాయి, కొన్ని బతుకుతాయి.

స్నేహం చెడకుండా అలా వినిపించగలగాలంటే ముందుగా ఏ పాట ఎవరిదో తేలి ఉండాలి. మన చిన్న బృందాలు ఎక్కువగా పట్టించుకోనిది, తరువాత బాధపడేది ఇక్కడే. 1957 నాటి మన కాపీరైటు చట్టం బాణీని, సాహిత్యాన్ని వేర్వేరు రచనలుగా చూస్తుంది. రికార్డు చేసిన ధ్వని మూడో వస్తువు, దాని హక్కు వేరు. ఇద్దరు ముగ్గురు కలిసి కట్టిన బాణీలో ఎవరి వంతు ఎంతో విడదీయలేకపోతే అది ఉమ్మడి రచన అవుతుంది. గిటారు వాయించే కుర్రవాడు సాధనలో కనిపెట్టిన పల్లవి మలుపును గాయకుడు తన సోలో పాటలో వాడుకుంటే, అది ‘మనందరిదీ’ అన్న పాత మాటతో తేలే విషయం కాదు. 2012 సవరణ తరువాత సాహిత్యం, బాణీ కట్టినవారు తమ రాయల్టీ వాటాను కంపెనీకి పూర్తిగా రాసిచ్చేయడం కుదరదు. వారసులకో, కాపీరైటు సంఘానికో తప్ప. కాబట్టి ఆ పేర్లు ఎవరివన్నది డబ్బుకు సంబంధించిన ప్రశ్న కూడా. బాణీ పుట్టిన రోజునే ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, ఎవరు ఏం చేశారో రాసి, అందరూ సంతకాలు పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు.

బృందంలో ఉన్న మనిషి దగ్గర సోలో ఆల్బమ్ ఎలా పుడుతుందో వినిపించే రికార్డింగులు మూడు ఉన్నాయి. 1969 ఫిబ్రవరి 25న, తన ఇరవై ఆరో పుట్టినరోజున, హారిసన్ మిగతా ముగ్గురూ లేకుండా ఒక్కడే స్టూడియోకు వెళ్లి మూడు పాటల నమూనాలు రికార్డు చేసుకున్నారు. 1996లో బీటిల్స్ పాత రికార్డింగుల సంకలనం ‘యాంథాలజీ’ మూడో సంపుటిలో అవి బయటికి వచ్చాయి. మొదటిది ‘ఓల్డ్ బ్రౌన్ షూ’. దాన్ని బృందం తీసుకుని ఆ మే నెలలోనే ఒక చిన్న రికార్డు రెండో వైపున సర్దింది. రెండోది ‘సమ్‌థింగ్’. ఆ నమూనాలో అది లేత మొక్క. బృందం చేతికి వెళ్లాక మెకార్ట్నీ బేస్, రింగో డ్రమ్స్ తోడై అది బీటిల్స్ పాటల్లో అతి గొప్పవాటిలో ఒకటైంది. మూడోది ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’. దానికి బృందంలో చోటు దొరకలేదు. ఒక గిటారు, ఒక గొంతు, దానిపై మరికొంత గిటారు. ఇరవై ఒక్క నెలల తరువాత వచ్చిన ఆల్బమ్‌లో దాని చుట్టూ కొమ్ము వాద్యాలు, ప్రతిధ్వని, డజను చేతులు చేరాయి. ఆ మూడింటినీ వరుసగా విని, తరువాత వాటి తుది రూపాలు వింటే రెండో పాటకు బృందం ఏం ఇచ్చిందో, మూడో పాటకు ఏం ఇవ్వలేకపోయిందో చెవికే తెలుస్తుంది. ఆ రోజు స్టూడియోలో ఆ మూడు పాటలకూ వంత పాడేవారు లేరు, అడ్డు చెప్పేవారూ లేరు.